మా అత్త మోసిన బకెట్టు

అత్త పోయిందని నాన్న ఫోన్ చేసేసరికి నేను అమలాపురంలో బ్యాంకుకి బయలుదేరుతున్నాను. "అత్త ఇంక లేదమ్మా" అన్నాడు. వెనకాల ఎవరో ఇనప కుర్చీలు దింపుతున్న చప్పుడు వినిపించింది. ఏమనాలో తెలియక "పొద్దున్న కాఫీ తాగిందా?" అని అడిగాను. "తాగింది. గ్లాసు కూడా తనే కడుక్కుంది. తర్వాత మంచం మీద కూర్చుని అలా పక్కకి ఒరిగిపోయింది" అన్నాడు నాన్న.

రాజోలు బస్సు కిటికీలోంచి దారి పొడుగునా రెండో పంట దాళ్వా చేలు కనిపించాయి. వరి పొట్ట మీద ఉంది, వెన్ను ఇంకా బయటికి రాలేదు. ఎలుకలు మొదళ్ళు కొరికేది సరిగ్గా ఈ రోజుల్లోనే. ఆ సంగతి నాకు చేలు చేసి తెలిసింది కాదు, అత్త చెప్పగా తెలిసింది. ప్రతి ఏడూ ఈ రోజులు వచ్చేసరికి ఆమెకి మనసు మనసులో ఉండేది కాదు.

ఆమె మా నాన్నకి అక్క. మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయింది. నాకు అత్త, ఊరందరికీ టీచరమ్మ గారు. మా తాత ఒక పెద్ద రైతు ఇంట్లో పాలేరు. ఆ ఇంట్లోనే కాదు, ఊళ్ళో ఎవరి కొట్టంలో గొడ్డు చచ్చినా మా పేటకి కబురొచ్చేది, తాత వెళ్ళి లాగి పారేసి రావాలి. ఆ పని నుంచి పిల్లల్ని తప్పించాలని కూతుర్ని మిషన్ బోర్డింగులో వేశాడు. ఆమె చదువుకుని, ఉద్యోగం తెచ్చుకుని, తమ్ముణ్ణి చదివించింది. పెళ్ళి మాట ఎవరెత్తినా "ముందు వీడి డిగ్రీ అవనీండి" అనేదట. నాన్నకి డిగ్రీ అయి, మండలాఫీసులో ఉద్యోగం వచ్చేసరికి ఆ మాట ఎత్తేవాళ్ళే లేకుండా పోయారు. మాతోనే ఉండిపోయింది.

క్లాసులో ఆమె ఏ జంతువు గురించి చెప్పినా చివరికి ఒకటే అడిగేది, "మరి దీన్ని తినేదెవరు?" అని. కప్పని తినేదెవరు, పాముని తినేదెవరు, పాముని తిన్న గద్దని తినేదెవరు. ఎవరో "ఎవరూ తినరండి" అంటే, "అయితే గద్ద పొట్టలోకి అందరి తిండీ చేరినట్టే కదా" అనేది. ఇంట్లో భోజనాల దగ్గర కూడా అదే ధోరణి. పీతల కూర తింటూ పీత ఏం తిందో వినాల్సి వచ్చేది. అమ్మ విసుక్కునేది. అత్త చీర గంజి పెట్టి ఇస్త్రీ చెయ్యనిదే కట్టేది కాదు. మడతలు చెదరకుండా గట్ల మీద నడవడం ఆమెకి ఎలా అబ్బిందో నాకు ఇప్పటికీ వింతే.

మా ఇంటికి కాస్త దూరంలో మూతపడిన రైసు మిల్లు ఉండేది. దాని పైకప్పు కింద తెల్ల గుడ్లగూబల జంట కాపురం ఉండేది. హృదయాకారం ముఖం, పాలరంగు పొట్ట. ఊళ్ళో వాటి పేరెత్తితేనే చెంపలేసుకునేవారు. అత్త మాత్రం సాయంత్రం చీకటి పడుతుండగా గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునేది. అవి చప్పుడు లేకుండా చేల మీదికి జారిపోతుంటే "డ్యూటీకి బయలుదేరేయి" అనేది, తోటి ఉద్యోగుల్ని చూసినట్టు.

పెద్ద తుఫాను తర్వాత సంగతి. కొబ్బరి చెట్లు పడిపోయి, ఆ మొద్దులు తోటల్లో చాలా కాలం అలాగే కుళ్ళాయి. ఎలుకలకి అవే ఇళ్ళయ్యాయి. మరుసటి పంటల్లో చేలకి చేలు కత్తెరేసినట్టు కొరికేశాయి. అంతకుముందు వాడిన నల్ల మందుతో ఎలుక వెంటనే చచ్చేది, మిగతావి జాగ్రత్తపడి ఆ నూకల జోలికి వెళ్ళేవి కావు. అప్పుడే ఊళ్ళోకి నీలం రంగు మందు వచ్చింది. నూకల్లో నూనెతో కలిపి, పొట్లాలు కట్టి బొరియల్లో వెయ్యాలి. ఎలుక వెంటనే చావదు. కొన్నాళ్ళు తూలుతూ, పట్టపగలు బయట తిరుగుతూ, మెల్లగా చస్తుంది. రైతులకి నచ్చింది అదే. అత్తని భయపెట్టింది కూడా అదే.

ఒక ఉదయం మిల్లు గోడ వారగా గుడ్లగూబ ఒకటి చచ్చి పడి ఉంది. అత్త దాన్ని తెచ్చి, వెనక అరుగు మీద కాగితం పరిచి, పాత కత్తెరతో కోసింది. నేను రాజోలులో ఇంటర్ చదువుతున్న రోజులవి. పక్కన నిలబడి చూశాను. ఒంటి మీద దెబ్బ లేదు. కానీ చర్మం తియ్యగానే లోపలంతా రక్తం నీళ్ళలాగా కారింది.

"చూడు, గడ్డ కట్టట్లేదు" అంది. "ఎలక రక్తాన్ని ఏం చేసిందో దీని రక్తాన్నీ అదే చేసింది. తూలుతూ తిరిగే ఎలక దీనికి సులువుగా దొరుకుద్ది కదా. మందు దీనికి పెట్టలేదు. కానీ దీని పొట్టకి ఆ సంగతేం తెలుస్తుంది?"

ఆ వారంలోనే కాలవ గట్టున ఒక గద్ద కూడా చచ్చి కనిపించింది. అత్త చీర మార్చుకుని, నన్ను వెంటబెట్టుకుని నీటి సంఘం ప్రెసిడెంటు గారింటికి బయలుదేరింది. మా ఊరి ఆయకట్టులో ఎక్కువ చేలు ఆయనవే. ఊరంతా ఒకేసారి మందు పెట్టాలని ఏర్పాటు చేసింది కూడా ఆయనే. మా తాత పాలేరుగా పనిచేసింది వాళ్ళ నాన్నగారి దగ్గర.

"ఆయ్, రండి టీచరమ్మ గారూ, రండి" అంటూ ఆయన ఎదురొచ్చారు. కుర్చీలు తెప్పించి వాకిట్లో వేయించారు. ఆయన అరుగు మీద కూర్చున్నారు. టీ వచ్చింది. ఆయనకి స్టీలు గ్లాసు, మాకు గాజు గ్లాసులు.

"మందు మానెయ్యమని చెప్పడానికి రాలేదండి" అంది అత్త. "పంట పోతే ఇళ్ళల్లో ఏమవుద్దో నాకూ తెలుసు. చచ్చిన ఎలకల్ని చేలో వదిలెయ్యకండి. ఏరించి, లోతుగా గొయ్యి తీసి పూడ్పించండి. బొరియల దగ్గర ఎలకల్ని పట్టే బుట్టలు కూడా పెట్టిస్తే మందు తగ్గుద్దండి."

"బాగానే ఉందండి. ఏరేదెవరండీ? కోతలకే మనుషులు రావట్లేదు."

"గద్దలూ గుడ్లగూబలూ పోతే నష్టం మీకేనండి. ఎలకలు ఏడాదిలో మళ్ళీ పుట్టుకొస్తాయి. అవి రావు."

"మీరు చదువుకున్నోరు, మీరు చెప్పింది నిజమే అవుద్దండి. కానీ గుడ్లగూబ కోసం ఎలకలేరండర్రా అంటే మావోళ్ళు నవ్వుతారండి. అది ఇంటి మీద వాలితే శాంతి చేయించుకునేవోళ్ళం."

అత్త టీ గ్లాసు చేతిలోకి తీసుకుంది. "అయితే నేనే ఏరతానండి" అంది.

"మీరాండీ?" అని ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. కాదనలేదు మాత్రం. అత్త టీ తాగేసి గ్లాసు అక్కడే కింద పెట్టి లేచింది. ఆ ఇంట్లో మావాళ్ళు తాగిన గ్లాసు మావాళ్ళే కడిగి బోర్లించాలి. ఆమె కడగలేదు.

దారిలో అంది, "తాత ఆ వాకిట్లో ఎప్పుడూ కుర్చీలో కూర్చోలేదు." నాలుగడుగులు వేశాక, "మెట్ల కిందే వేసేరనుకో" అంది.

మర్నాటి నుంచి తెల్లవారగానే ఒక ప్లాస్టిక్ బకెట్టు, పొడుగాటి పటకారు, చేతులకి పాలిథీన్ కవర్లు. మంచుకి చెంగు తలమీద కప్పుకుని గట్లంట తిరిగేది. చచ్చినవాటిని పటకారుతో తీసి బకెట్లో వేసుకుని, మా కొబ్బరి తోట మూల తీయించిన గోతిలో వేసి, మట్టి కప్పి, కుక్కలు తవ్వకుండా పైన తాటి మట్టలు పరిచేది. తర్వాత పంపు దగ్గర సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకుని, గంజి చీర కట్టుకుని, ట్యూషను పిల్లల ముందు కూర్చునేది.

నాన్న కొన్నాళ్ళు చూశాడు. ఒకరోజు పంపు దగ్గరే నిలదీశాడు. ఆయన అక్క మీద గొంతెత్తడం నేను విన్నది ఆ ఒక్కసారే.

"ఏం చేస్తున్నావో తెలుస్తోందా అక్కా? మనం ఆ పని చెయ్యకూడదనే కదా నాన్న పస్తులుండి చదివించేడు?"

"నాన్న చేత చేయించేరురా. నన్నెవరూ చెయ్యమన్లేదు. నా అంతట నేను చేస్తున్నాను."

"గట్టు మీంచి చూసేవోడికి ఆ తేడా తెలుస్తుందా?"

అత్త మళ్ళీ సబ్బు తీసుకుంది. చేతులు కడుక్కుంటూనే ఉంది.

ఆ ఏడు మిల్లులో మిగిలిన గుడ్లగూబకి కొత్త జోడు కుదిరి, పిల్లలు బతికాయి. ఒక సాయంత్రం "రండి, రండి" అని కేకేసి అందర్నీ బయటికి పిలిచింది. కిటికీ అంచున గుడ్లగూబ పిల్లలు బొమ్మల్లా వరసగా నిలబడి, ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. నాన్న కూడా వచ్చి, చేతులు కట్టుకుని చూశాడు. అత్త మాత్రం చిన్నపిల్లలా చప్పట్లు కొట్టబోయి, భయపడతాయని చేతులు దించేసుకుంది. ఆమెని అంత సంతోషంగా నేను తర్వాత ఎప్పుడూ చూడలేదు.

మరుసటి దాళ్వాకి ఊరు అలవాటు పడిపోయింది. మందు పెట్టేసి "టీచరమ్మ గారు ఎత్తుకుపోతారులే" అనుకోవడం మొదలైంది. తర్వాత ఆ "గారు" కూడా పోయింది. ఒక ఉదయం ఆమె బకెట్టుతో తిరిగొస్తుంటే ప్రెసిడెంటు గారబ్బాయి రోడ్డు మీద మోటారు సైకిలు ఆపి, దిగకుండానే కేకేశాడట. "ఏమ్మా, కాలవ పక్క మడిలో రెండు కంపు కొడుతున్నాయి. తియ్యలేదేంటి?"

ఇంటికొచ్చి బకెట్టు పంపు దగ్గర పెట్టి, చేతులైనా కడుక్కోకుండా మెట్టు మీద కూర్చుంది. అమ్మ కంగారుపడి అడిగితే "పదో తరగతిలో వాడికి జీవశాస్త్రం చెప్పింది నేనే" అంది.

మర్నాడు ఖాళీ చేతులతో ప్రెసిడెంటు గారింటికి వెళ్ళి, ఆయన్ని చేలోకి రమ్మంది. ఆయన వచ్చారు. నాట్ల నుంచీ ఆ చేలో కలుపు తీస్తున్న మనుషులు పక్క మడిలోనే ఉన్నారు. గట్టు మీద ఒక ఎలుక వెల్లకిలా పడి ఉంది.

"ఇంక నేను తియ్యనండి" అంది అత్త. "మందు పెట్టినోళ్ళే తియ్యాలి."

ఆయన అటూ ఇటూ చూసి పాలేరుని పిలిచారు. అతను మా పేటవాడే, నాకు బాబాయి వరస.

"అతన్ని పిలవకండి. మందు కలిపించింది మీరు. పొట్లాలు పెట్టించింది మీరు."

"పదిమంది చూస్తున్నారండి టీచరమ్మ గారూ" అన్నారు ఆయన మెల్లగా.

"నన్నూ పదిమందే చూసేరండి."

ఆయన కండువా సర్దుకుని, ఎలుకని దాటుకుని వెళ్ళిపోయారు. ఈ సంగతంతా ఆ బాబాయే మా ఇంటికొచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు.

అత్త అన్న మాట మీద నిలబడింది. ఆ పంట కాలమంతా చేలోకి వెళ్ళలేదు. పొద్దున్నే లేచేది, గుమ్మం దాకా వచ్చేది, ఆగేది. చచ్చిన ఎలుకలు గట్ల మీదే ఎండాయి. మిల్లులో మళ్ళీ పిల్లలున్నాయి. సాయంత్రాలు బుసకొట్టినట్టు అవి తిండికోసం అరిచేవి. ఆ అరుపు కొన్నాళ్ళకి సన్నబడింది, తర్వాత ఆగిపోయింది. నాన్న ఒక మనిషిని పిలిపించి నిచ్చెన వేయించాడు. అతను పిల్లల్ని చేటలో పెట్టుకుని దిగాడు. తల్లి మురిక్కాలవలో దొరికింది.

అత్త ఆ చేటని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "నా మర్యాద నిలబడిందిరా తమ్ముడూ. ఇవి పోయేయి" అంది.

"నీ తప్పు కాదక్కా."

"కాదని నాకూ తెలుసు. ఏరుంటే బతికేవని కూడా తెలుసు. ఈ రెండిటినీ ఏం చేసుకోను?"

నాన్న చేటని ఆమె ఒళ్ళోంచి మెల్లగా తీసుకున్నాడు.

ఆ తర్వాత తొలి పంట సార్వాకి మాకెవరికీ అర్థంకానిది జరిగింది. మందు పెట్టిన నాలుగైదు రోజులకి ప్రెసిడెంటు గారబ్బాయి, చేతికి కవరు తొడుక్కుని, వంగి, తన చేలో చచ్చిన ఎలుకలు ఏరుతూ కనిపించాడు. గట్టు మీద వాళ్ళ నాన్న గొడుగేసుకుని నిలబడి ఉన్నారు. కొందరు నవ్వారు. కొందరు ప్రెసిడెంటు గారబ్బాయే చేస్తున్నాడు కదా అని వాళ్ళూ మొదలుపెట్టారు. మరి కొందరు వెదురు బుట్టలు పెట్టించి మందు బాగా తగ్గించారు. అందరూ కాదు. ఎప్పుడూ అందరూ కాలేదు.

అత్త పొంగిపోయింది. "మనిషి సిగ్గేసిన రోజునే మారడు. టైమివ్వాలి" అనేది. నేను ఉద్యోగంలో చేరాక ఎవరితోనైనా గొడవపడి ఫోన్ చేసినా అదే చెప్పేది, "టైమివ్వు."

తర్వాత రెండేళ్ళకి కొత్త జంట మిల్లులోకి వచ్చింది. ఒకసారి పిల్లల్ని పెంచింది. మరో ఏడు కాలవ అవతలి ఊరివాళ్ళు మందు ఎడాపెడా పెట్టారు, ఆ జంటా పోయింది. పక్షికి సరిహద్దు ఏం తెలుసు? అత్త ఆ ఊరికి ఆటోలో వెళ్ళింది, ఆ పక్క ఊరికీ వెళ్ళింది. స్కూళ్ళల్లో పిల్లలకి చెప్పింది. మోకాళ్ళు పట్టేసి నడవలేకపోయాక ఫోన్లో నన్ను అడిగేది, "అమలాపురంలో గద్దలు కనిపిస్తున్నాయా?" కనిపించిందని చెబితే "నల్లదా, గరుడ పక్షా? ఎగరడం సరిగ్గా ఎగురుతోందా, తూలుతోందా?" అనేది. భోజనం టైములో బ్యాంకు మేడెక్కి ఆకాశం చూసి రావడం నాకు అలవాటైంది. తోటివాళ్ళు సిగ్నల్ కోసం అనుకునేవాళ్ళు.

అత్త పోయిన ఆ సాయంత్రం సమాధుల దొడ్లో పాస్టరు గారి ప్రార్థన అయ్యాక జనం ఒక్కొక్కరూ పిడికెడు మట్టి వేస్తున్నారు. ప్రెసిడెంటు గారు వచ్చారు. బాగా పెద్దవారైపోయారు. కొడుకు చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాడు. మట్టి వేసి, పక్కకి వచ్చి నా దగ్గర నిలబడ్డారు.

"మహా మనిషమ్మా" అన్నారు. చేతికంటిన మట్టి దులుపుకుంటూ, "మీ నాన్నగారు వచ్చిన సంగతి ఆవిడకి చెప్పేరా?" అని అడిగారు.

"ఎక్కడికండీ?"

"మా ఇంటికమ్మా. ఆ గుడ్లగూబ పిల్లలు పోయిన మర్నాడు. ఆఫీసుకెళ్ళే బట్టల్లో వచ్చేరు. అరుగు మీదికొచ్చి కూర్చోండంటే కూర్చోలేదు. నిలబడే అన్నారు. 'మా నాన్న మీ ఇంట్లో చచ్చిన గొడ్లు లాగేడు. మా అక్క మీ చేలో చచ్చిన ఎలకలెత్తింది. ఇంక మా ఇంట్లో మనుషుల్లేరండి' అని. అంతే, వెళ్ళిపోయేరు. కోప్పడినా బాగుండేదమ్మా. ఆ పూట నాకు అన్నం సయించలేదు. సాయంత్రం వీణ్ణి పిలిచి, వచ్చే పంటకి నువ్వే దిగాలిరా అన్నాను."

పక్కన కొడుకు నేల చూస్తున్నాడు. "టీచరమ్మ గారికి క్షమాపణ చెబుదామని చాలాసార్లు అనుకున్నానండి" అన్నాడు. "ఎప్పుడొచ్చినా, పక్షులేవైనా కనిపించేయా అని ఆవిడే ముందు అడిగేసేవారు. చెప్పడం అవ్వలేదండి."

ఇంటికి నడుస్తూ నాన్నని అడిగాను. "అత్తకి తెలుసా, మీరు వెళ్ళేరని?"

"చెప్పలేదు. తన మాట పనిచేసిందనుకుంది. ఆ సంతోషం ఎందుకు పాడుచెయ్యడం?" కొంచెం దూరం నడిచాక ఆగాడు. "చెప్పాల్సిందేమో. తన వైపే ఉన్నానని తెలిసేది."

తెలిసే ఉంటుందని అనొచ్చు. కానీ నాకు నిజంగా తెలియదు. పంపు దగ్గర నాన్న ఆ తేడా గురించి అడిగిన ప్రశ్నకి ఆమె ఏం జవాబు వెతుక్కుందో, అది దొరికిందో లేదో అసలే తెలియదు.

మేం కాలవ వంతెన మీదికి వచ్చాం. అవతలి చేల మీద ఒక గరుడ పక్షి తిరుగుతోంది. తెల్లటి తల, ఎండకి మెరిసే ఇటికరంగు రెక్కలు. నాన్న కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. అది ఒక్కసారిగా కిందికి జారి, వరి మీదికి వంగి, మళ్ళీ లేచింది. కాళ్ళ మధ్య ఏదో వేలాడుతోంది. కదులుతోందో, గాలికి ఊగుతోందో కింద నుంచి ఎంత చూసినా తెలియలేదు. అది దాన్ని మోసుకుంటూ మా తలల మీదుగా, సమాధుల దొడ్డి మీదుగా, గూడున్న వైపు కొబ్బరి తోటల్లోకి వెళ్ళిపోయింది.